కృతజ్ఞతల మీద తగు చర్య

మా బావకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. అది ఆయన సంతకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరూ ఆయన్ని ‘సదరు గారు’ అంటారు. నలభై ఏళ్లుగా పెద్దాఫీసు గేటు పక్కన చిన్న బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిపెట్టడం ఆయన పని. సదరు గోడ, సదరు గోడ మీద ఒలకబోసిన నీళ్లు, సదరు నీళ్లు ఒలకబోసిన సదరు మేడమీద ఆవిడ అని రాసీ రాసీ ఆ మాట ఆయనకే అంటుకుపోయింది. మా అక్క సదరు గారి భార్య, నేను సదరు గారి బావమరిది. మాకూ వేరే పేర్లున్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

నాది ఆ బల్ల వెనకే జిరాక్సు కొట్టు. బావ రాస్తాడు, నేను కాపీలు తీస్తాను. ఇద్దరికీ చెరొక నియమం ఉంది. ఆయన అబద్ధం అర్జీ రాయడు. పక్కింటివాడు గోడ జరిపాడని ఎవరైనా వస్తే, “ఎన్ని అంగుళాలు జరిపాడు? కొలిచారా?” అని అడుగుతాడు. కొలవలేదంటే టేపు చేతికిచ్చి వెనక్కి పంపిస్తాడు. ఆయన రాసిన అర్జీ ఒక్కటి కూడా అసత్యమని తేలలేదు. పరిష్కారమైనట్టు తేలినవీ పెద్దగా లేవనుకోండి, అది వేరే సంగతి. ఇక నా నియమం, కాపీకొచ్చిన కాగితం చదవకపోవడం. జిరాక్సువాడు చదవడం మొదలుపెడితే చుట్టుపక్కల ఎవరి మొహమూ చూడలేడు.

కాగితం మీద పులి అయిన ఈ మనిషి బయట నోట్లో నాలుక లేనివాడు. కొట్లో తూకం తగ్గితే మాట్లాడకుండా ఇంటికొచ్చి ఉత్తరం రాస్తాడు. పెళ్లైన కొత్తలో అక్క మా ఇంటికొచ్చి పదిరోజులుంటే ఆయన దగ్గర్నుంచి జాబొచ్చింది. నేనే చించి చదివాను. ‘విషయం: తమరు తిరిగి వచ్చు తేదీ తెలియజేయుట గురించి.’ కింద నాలుగు వాక్యాలు. తమరు లేనందువలన కలుగుచున్న అసౌకర్యములు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉన్నాయి. మూడోది చదివి అక్క సిగ్గుపడింది కాబట్టి ప్రేమలేఖే అయ్యుండాలి.

అలాంటి మనిషికి జబ్బు చేసింది. ఐదు నెలలపాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు తెరవాలి కదా! బట్టలు ఉతకబోతూ అక్క ఆయన చొక్కా జేబులో మడత పెట్టిన కాగితం చూసి, అది పట్టుకుని నా కొట్టుకి పరిగెత్తుకొచ్చింది. ‘విషయం: మలములో రక్తము కనిపించుట గురించి.’ కింద పదకొండు తేదీలు, టైములతో సహా. ఎవరికి రాశాడో ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఈ రోగాన్ని ఏ ఆఫీసులో దాఖలు చెయ్యాలో ఆయనకి తెలియలేదు.

“మొలలనుకున్నానురా,” అన్నాడు నేను కేకలేస్తే.

“అనుకున్నవాడివి తేదీలెందుకు రాసుకున్నావు బావా?”

భయమేసిందని చెప్పడం ఆయనకి చేతకాలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. వెనకవైపు నుంచి కెమెరా గొట్టం పంపి చూశారు. పెద్దపేగులో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది.

ఆపరేషన్ చేసే డాక్టరమ్మ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కళ్లద్దాలు తాడుకి వేలాడేసుకుని, వాటి కోసం టేబులంతా వెతుక్కుంటుంది. మాట పొదుపు. స్కాను కవరు వెనక పేగు బొమ్మ గీసి చూపించింది. “ఇదీ మీ పెద్దపేగు. గడ్డ ఇక్కడుంది. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా కోసేసి, రెండు కొసలూ కలిపి కుట్టేస్తాను.”

బావ నోరు తెరిచాడు. “కుట్టు ఊడితే?”

“ఊడకుండా కుట్టడం నా పని. ఊడితే పరిగెత్తుకు రావడం కూడా నా పనే.”

ఆ మాటకి బావ మొహంలో కొంచెం నెత్తురొచ్చింది. నలభై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాడు కానీ, ‘అది నా పనే’ అన్న మాట ఏ ఆఫీసులోనూ, ఏ మనిషి నోటా వినలేదు.

ఆపరేషన్ అయ్యాక మా కుటుంబం మొత్తం ఒకే ఒక్క దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. సభ్యతగా చెప్పే దారి లేదు. ఆయనకి గాలి పోవాలి. కోసి కుట్టిన పేగు మళ్లీ పనిలోకి దిగిందనడానికి అదే గుర్తు. డాక్టరమ్మ రోజూ పొద్దున్నే ఆరున్నరకి వచ్చి, వార్డులో పన్నెండు మంచాలవాళ్లూ వింటుండగా, “గాలి పోయిందా?” అని అడిగేది. బావ దుప్పటి మొహమ్మీదికి లాక్కునేవాడు. ఆవిడ దుప్పటి లాగేసి, మంచం దింపి, వరండా ఆ చివర్నుంచి ఈ చివరికి నడిపించేది. ఇంతకాలం కడుపులో చల్ల కదలకుండా బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక చేత్తో పొట్ట, ఒక చేత్తో సెలైన్ స్టాండు పట్టుకుని నడుస్తుంటే, నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చేవి.

ఐదోరోజు జ్వరం తగిలింది. పొట్ట బిగుసుకుంది. కుట్టు దగ్గర కారుతోందేమోనని నర్సమ్మలు గుసగుసలాడుకున్నారు. ఆ రోజు డాక్టరమ్మకి సెలవు. ఎవరు ఫోన్ చేశారో, తలంటుకున్న జుట్టు నీళ్లు కారుతుండగానే వచ్చేసింది. మంచం అంచున కూర్చుని చాలాసేపు పొట్ట మీద అరచెయ్యి ఆన్చి ఉంచింది. మరో రెండు రోజులు వార్డుని వదల్లేదు. ఏడోరోజు జ్వరం దిగింది. ఆ పొద్దున ఆవిడ ప్రశ్నకి బావ జవాబుగా చీటీ అందించాడు. ‘గాలి పోయినది. సమయం 5.40.’ డాక్టరమ్మ చీటీ చదివి చప్పట్లు కొట్టింది. పన్నెండు మంచాలవాళ్లూ కొట్టారు. తీసిన పేగు పరీక్షలో జబ్బు గడ్డ దాటి పోలేదని వచ్చింది. మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలట.

ఇంటికి పంపే రోజున బావ ఆవిడ ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. “లిఫ్టు ఎటండీ?” అన్నాడు. లిఫ్టు ఆవిడ వెనకే ఉంది.

“ప్రాణం పోసిన మనిషికి ఒక్క మంచిమాట చెప్పలేకపోయారా?” అని అక్క దారంతా సాధించింది.

“రాస్తాను,” అన్నాడు బావ.

రాయడానికి కూర్చుంటే తెలిసింది అసలు సంగతి. ఇన్నేళ్లలో తన బల్ల దగ్గరకి కృతజ్ఞతలు రాయించుకోవడానికి ఒక్కడూ రాలేదు. కుళాయి నీళ్లు రాకపోతే వచ్చారు. నీళ్లొచ్చాక ఎవరూ రాలేదు. అందుకని ఆయన దగ్గర దానికి నమూనా లేదు. మూడు రోజులు కాగితాలు చింపాడు. నాలుగోరోజు విసుగొచ్చి, అలవాటు ప్రకారం పైన ‘విషయం’ అని రాసి కింద గీత కొట్టాడు. అంతే, కలం దానంతటదే పరిగెత్తింది. నాలుగు పేజీలైంది. నేను కాపీలు తీశాను. నియమం ప్రకారం చదవలేదు. ఆ నియమాన్ని నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

ఆసుపత్రిలో కృతజ్ఞతలకి డబ్బా లేదు. రిసెప్షన్ దగ్గర ఉన్నది ఒకటే డబ్బా, దాని మీద ‘ఫిర్యాదులు’ అని ఉంది. “కాగితం ఏదైనా అందులోనే,” అన్నాడు గేటు దగ్గరి సెక్యూరిటీ. బావ అందులోనే వేశాడు. కాపీలు ఆసుపత్రి పెద్దకి, ఆయన పైవాళ్లకి, ఆ పైవాళ్లకి పోస్టులో పంపాడు. అర్జీ కింద ‘ప్రతులు’ అని నలుగురి పేర్లు రాయకపోతే ఆయనకి అన్నం సయించదు.

నాలుగో రోజుకల్లా పిలుపొచ్చింది. బావ జీవితంలో ఇంత త్వరగా కదిలిన అర్జీ ఇదొక్కటే. ఫిర్యాదుల ఆఫీసరు గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆఫీసరు ఎంతో మర్యాదస్తుడు. పదేళ్లుగా ఇంత శుభ్రమైన ఫిర్యాదు చూడలేదని చెప్పి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

“‘విషయం: శస్త్రచికిత్స డాక్టరు గారు నా పట్ల ప్రవర్తించిన తీరు గురించి. అయ్యా, క్రింద సంతకం చేసిన నేను విన్నవించుకొనునది ఏమనగా, సదరు డాక్టరు గారు నా శరీరము నుండి పదమూడు అంగుళముల పేగును తొలగించినారు. ప్రతి ఉదయము పన్నెండు మంది ఎదుట నా గాలి గురించి ప్రశ్నించినారు. నేను నిరాకరించినప్పటికీ మంచము దింపి నడిపించినారు. తమ సెలవు దినమున, తడి జుట్టుతో, ముందస్తు సమాచారము లేకుండా వార్డులో ప్రవేశించి నా పొట్టను నొక్కినారు. నా నిమిత్తము రెండు రాత్రులు నిద్ర లేకుండా ఉండి, మరునాడు యథావిధిగా ఇతరులకు ఆపరేషన్లు చేసినారు...’”

నాకు చెమటలు పట్టాయి. బావ మాత్రం తలూపుతున్నాడు. ప్రతి ముక్కా నిజమే మరి, కొలిచి రాసినదే.

“ఆఖరిది ముఖ్యం,” అని ఆఫీసరు వేలు పెట్టి చూపించాడు. “‘కావున తమరు దయతో విచారించి, సదరు డాక్టరు గారిపై తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన.’ తీసుకున్నామండీ! నిద్ర లేకుండా ఆపరేషన్లు చెయ్యడమంటే మాటలా? విచారణ ముగిసేదాకా ఆవిడ కత్తి పట్టకూడదని నిన్ననే ఆర్డరిచ్చాం.”

“అది మెచ్చుకోలండీ!” అని అరిచాను నేను.

ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. “మెచ్చుకోలా? ఎక్కడుంది?”

ఎక్కడా లేదు. నాలుగు పేజీల్లో ఆ మాట తప్ప అన్నీ ఉన్నాయి. బావ మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. తగు చర్య అంటే ఆయన ఉద్దేశం ఆవిడకి ఏ బహుమానమో, పెద్ద పోస్టో ఇమ్మని. నేను ఆ సంగతే చెప్పబోతే, కాగితం మీద లేనిది లెక్కలోకి రాదన్నాడు ఆఫీసరు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే వినడమే కానీ, స్వయంగా కాపీలు తీసి మరీ చూడటం నాకదే మొదలు.

బయట వరండాలో గోడకి ఆ వారం ఆపరేషన్ల జాబితా అంటించి ఉంది. డాక్టరమ్మ పేరున్న ప్రతి వరస మీదా ‘వాయిదా’ అని ముద్ర పడింది. మొదటి పేరు ఒక స్కూలు బస్సు డ్రైవరుది. బావని చూసుకున్న నర్సమ్మ మమ్మల్ని చూసి ఆగింది. ఆవిడకి కోపం ఆగలేదు.

“ఆ డ్రైవరుకి పేగు దాదాపు మూసుకుపోయిందండీ. ఆగే కేసు కాదు. ఇంకో సర్జన్‌కి వచ్చే నెలదాకా ఖాళీ లేదు. ఎంత పని చేశారండీ మీరు!”

ఇంటికెళ్లాక బావ అన్నం ముట్టలేదు. అర్జీ వెనక్కి తీసుకుంటానని ఇంకో అర్జీ రాయబోయాడు. అక్క కలం లాక్కుంది. “చాలు! కడుపు కోసి బాగు చేసినావిడ కడుపే కొట్టారు. ఇంక మీరు ఏమీ రాయొద్దు. నోటితో చెప్పండి.”

సోమవారం విచారణ పెట్టారు. పొడుగు టేబులుకి అటు ఆఫీసరు, ఇద్దరు పెద్ద డాక్టర్లు. ఇటు మేము. పక్కగా కుర్చీలో డాక్టరమ్మ. ఆవిడ మా వంక చూసిన చూపులో కోపం లేదు. అదుంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆఫీసరు ఫారం ముందుకి తోశాడు. “ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే రెండే దారులు. ఒకటి, ‘సమస్య పరిష్కరించబడినది’. దానికి మేము ఆవిడ మీద చర్య తీసుకున్నట్టు ఫైల్లో కాగితముండాలి. రెండు, ‘ఫిర్యాదు అసత్యము’. అది మీరు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. మీ పేరు అసత్య ఫిర్యాదుదారుల జాబితాలో నెలరోజులు నోటీసు బోర్డు మీద ఉంటుంది.”

“అసత్యం కాదండీ,” అన్నాడు బావ. తడబడుతూనే అయినా, అన్నాడు. “రాసిందంతా నిజం. నాకు... భయమేసిందండీ. ఐదు నెలలు భయమేసింది. ఆవిడ పొట్ట మీద చెయ్యి వేశాక పోయింది. అది రాద్దామనే కూర్చున్నాను. రాలేదు.”

ఆఫీసరు కలం పైకెత్తి, “ఇది ఏ గళ్లో రాయమంటారు?” అని పక్క డాక్టర్లని అడిగాడు. వాళ్లు ఫారం తిరగేసి చూశారు. దానికి గడి లేదు. నేను పళ్లు పటపటా కొరికాను. ఫారాలు అచ్చువేసినవాడెవడో దొరికితే వాడి చేత పన్నెండు మంది ఎదుట గాలి గురించి చెప్పించాలనిపించింది.

“సంతకం పెట్టకండి,” అంది డాక్టరమ్మ ఉన్నట్టుండి. “నలభై ఏళ్లుగా అబద్ధం రాయలేదని మీ ఆవిడ చెప్పింది. విచారణ జరగనివ్వండి, నాకేం కాదు. రెండు నెలల్లో అదే తేలిపోతుంది.”

బావ ఆవిడ వైపు తిరిగాడు. “ఆ బస్సు డ్రైవరు రెండు నెలలు ఆగగలడామ్మా?”

ఆవిడ కళ్లద్దాల తాడు వేలికి చుట్టుకుంది.

బావ ఫారం దగ్గరికి లాక్కున్నాడు. ‘అసత్యము’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఆయన చేతిరాత గుండ్రంగా ముత్యాల్లా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ రోజు సంతకం మాత్రం కుంటుకుంటూ పడింది. మా ఆయనకి ఉన్న ఆస్తల్లా అబద్ధం రాయడన్న మాటేరా అని అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

గురువారం కుట్లు చూపించుకోవడానికి వెళ్లాం. నోటీసు బోర్డు మీద జాబితా వేలాడుతోంది. జాబితా అంటే ఒక్క పేరే, ఇంటి నంబరుతో సహా. చింపబోతే బావ నా చెయ్యి పట్టుకుని పక్క కాగితం చూపించాడు. ఆపరేషన్ల వరస. మొదటి పేరు డ్రైవరుది, ఉదయం ఎనిమిది. అప్పటికి పదిన్నర అయింది. కుట్ల సంగతి మరిచిపోయి ఆయన నేరుగా ఆపరేషన్ గది ముందున్న బెంచీ దగ్గరికి నడిచాడు.

అక్కడ ఒకావిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. డ్రైవరు భార్య. కుట్లు చూడటానికి రమ్మని నర్సమ్మ బావ పేరు కేకేసింది. ఆ పేరు వినగానే ఈవిడ తల తిప్పింది.

“బోర్డు మీద పేరు మీదేనా? ఆ అబద్ధం అర్జీ పెట్టింది మీరేనా?”

“నేనేనమ్మా.”

“మీకేం పాపం చేశామండీ? వారం రోజులు మా ఆయన మెలికలు తిరిగిపోయాడు. ఆ దేవతలాంటి మనిషి మీద అబద్ధాలు రాయడానికి చేతులెలా వచ్చాయి మీకు?”

నేను నోరు తెరిచేలోపల బావ నా మోకాలు నొక్కాడు. “తప్పైపోయిందమ్మా,” అన్నాడు. ఆవిడ ఇంకా తిట్టింది. ఆయన ఎదురు చెప్పలేదు. లేచి వెళ్లనూ లేదు. ఆవిడ తిట్టి తిట్టి ఏడుస్తుంటే పక్కనే కూర్చున్నాడు.

పదకొండున్నరకి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ టోపీ తీసుకుంటూ బయటికొచ్చింది. “గడ్డ పూర్తిగా వచ్చేసింది. బాగున్నారు,” అంది.

డ్రైవరు భార్య గబుక్కున లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. “థ్యాంక్సమ్మా,” అంది. అంతే. ఇంకేమీ అనలేదు.

బావ నా వైపు తిరిగాడు. ఆయన కళ్లు ఇంతింతయ్యాయి. “ఒక్క మాటేనట్రా! నేను నాలుగు పేజీలు రాశాను.”

అప్పుడు లేచి నిలబడ్డాడు. డ్రైవరు భార్య మండిపడుతూ చూస్తూనే ఉంది. ఆయన చొక్కా సర్దుకుని, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, వరండా అంతా వినపడేట్టు, “థ్యాంక్సమ్మా,” అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని చూసి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“విన్నానండీ,” అంది. “దయచేసి రాసి మాత్రం ఇవ్వకండి.”